కొలనులో అలలు పుట్టిస్తే కరెంటు మిగులుతుందా?

పాఠకుల ప్రశ్నలు – సమాధానాలు

ఈతకొలను వంటి తొట్టెలో యంత్రంతో అలలు రేపి, వాటి మీద తేలే డ్రమ్ములకు డైనమోలు తగిలించి విద్యుత్తు తీయడం గురించి విజయవాడ, గుంటూరు పాఠకులు కొందరు రాశారు. ఒకరి ప్రశ్నకు ఇచ్చే జవాబు మరొకరికి కూడా పనికివచ్చేలా ఉండడం వల్ల ఈ సంచికను ఆ ఒక్క విషయానికే కేటాయిస్తున్నాం.

ప్రశ్న: నాకు విజయవాడ ఆటోనగర్‌లో చిన్న లేతు షాపు ఉంది. 20 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు, 2 మీటర్ల లోతు ఉన్న కొలను కట్టి, ఒక చివర 3 హెచ్.పి. మోటారుతో ఇనుప పలకను ముందుకూ వెనక్కూ ఊపి అలలు పుట్టించాలని ఆలోచన. నీటి మీద 200 లీటర్ల డ్రమ్ములు 20 తేలుతాయి. అల వచ్చినప్పుడు ఒక్కో డ్రమ్ము 200 కిలోల బలంతో పైకి లేస్తుంది కాబట్టి 20 డ్రమ్ములకు 4 టన్నుల బలం వస్తుంది. తేలే గుణం నీటికి సహజంగా ఉన్నదే, దానికి మనం పైసా ఖర్చు పెట్టనక్కరలేదు. కనుక మోటారు తినే దానికంటే ఎక్కువ కరెంటు రావాలి. ఈ లెక్కలో తప్పుందా?

జవాబు: తప్పు ఉంది. అది కూడికలోనో గుణకారంలోనో కాక, వాటికంటే ముందు మీరు పెట్టుకున్న ఊహలో ఉంది. మీ లెక్కను మీ పద్ధతిలోనే చివరిదాకా చేసి చూద్దాం. 200 కిలోల బలమంటే సుమారు 1,960 న్యూటన్లు. అల ఎత్తు 28 సెంటీమీటర్లు అనుకుంటే ఒక్కో డ్రమ్ము ఒకసారి లేచినప్పుడు చేసే పని సుమారు 550 జౌళ్లు. అల 2 సెకన్లకు ఒకసారి వస్తుందనుకుంటే డ్రమ్ముకు 275 వాట్లు, 20 డ్రమ్ములకు 5.5 కిలోవాట్లు అవుతుంది. 3 హెచ్.పి. మోటారు ఇరుసు దగ్గర ఇచ్చేది 2.2 కిలోవాట్లే కాబట్టి, కాగితం మీద పెట్టినదానికి రెట్టింపును మించి వస్తున్నట్టు కనిపిస్తుంది. ఇంత లాభం కనిపించినప్పుడే అనుమానించాలి.

ముందుగా, అసలు అలలో ఎంత శక్తి ఉంటుందో చూద్దాం. ప్రశాంతమైన నీటి మట్టంతో పోల్చినప్పుడు అలలోని నీరు కొంత పైకి లేచి, కొంత కిందికి దిగి, కొంత కదులుతూ ఉంటుంది. ఈ స్థితిశక్తి, గతిశక్తి రెండూ కలిపి, ఒక్కో చదరపు మీటరు నీటి ఉపరితలానికి, నీటి సాంద్రతను గురుత్వ త్వరణంతోనూ అల ఎత్తు వర్గంతోనూ గుణించి 8తో భాగిస్తే వచ్చేంత. 28 సెంటీమీటర్ల అలకు అది సుమారు 96 జౌళ్లు. మీ కొలను వైశాల్యం 200 చదరపు మీటర్లు కాబట్టి, కొలనంతా అలలు నిండి ఉబుకుతున్న సమయంలో కూడా వాటిలో ఉన్న మొత్తం శక్తి 19 కిలోజౌళ్లు మాత్రమే. 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు ఒకటి 35 నిమిషాలు వెలగడానికి అది సరిపోతుంది. కంటికి అంత భీకరంగా కనిపించే నీటి కదలికలో ఉన్నది ఇంతేనంటే నమ్మబుద్ధి కాదు గాని, లెక్క అంతే.

ఇక ప్రవాహం సంగతి. 2 సెకన్ల ఆవర్తన కాలం ఉన్న అల, 2 మీటర్ల లోతున్న నీటిలో తన శక్తిని సెకనుకు 1.7 మీటర్ల వేగంతో ముందుకు తీసుకుపోతుంది. అంటే కొలను వెడల్పులో ప్రతి మీటరు గుండా సుమారు 164 వాట్లు, 10 మీటర్లకు కలిపి 1.6 కిలోవాట్లు పోతాయి. ఈ 1.6 కిలోవాట్లు గాలిలోంచి ఊడిపడినవి కావు, మీ మోటారు పలకను ఊపితే వచ్చినవి. కరెంటు మీటరు నుంచి మోటారు సుమారు 2.6 కిలోవాట్లు తీసుకుని, వేడి రూపంలో కొంత పోగొట్టుకుని 2.2 ఇరుసుకు ఇస్తే, బేరింగుల రాపిడి, పలక వెనుక వైపు వృథాగా చిలికే నీరు, అంచుల దగ్గర లేచే సుడులు పోను అలకు చేరేది ఆ 1.6 మాత్రమే. అల ఎత్తు 28 సెంటీమీటర్లని నేను ముందే అనుకున్నది ఇందుకే, మీ మోటారు అంతకు మించిన అలను నిలకడగా నడపలేదు.

1.6 కిలోవాట్లున్న అల నుంచి 5.5 కిలోవాట్లు ఎలా వస్తాయి? రావు. మీరు ఊహించిన 200 కిలోల బలం రావాలంటే డ్రమ్ము పూర్తిగా నీట మునిగి ఉండాలి, మునిగిన డ్రమ్ము మునిగినట్టే 28 సెంటీమీటర్లూ పైకి రావాలి. డైనమోను తిప్పే భారం లేనప్పుడు డ్రమ్ము అలతోపాటు 28 సెంటీమీటర్లు లేస్తుంది గాని అప్పుడు అది చేసే పని దాదాపు సున్నా. భారం బాగా పెంచితే బలం వస్తుంది గాని డ్రమ్ము కదలదు, అప్పుడూ పని సున్నాయే. ఈ రెంటికీ మధ్య ఎక్కడో ఒకచోట గరిష్ఠ ఫలితం దొరుకుతుంది. గరిష్ఠ బలాన్ని, గరిష్ఠ కదలికను ఒకేసారి వచ్చినట్టు గుణించడమే మీ లెక్కలోని మొదటి చిక్కు.

రెండో చిక్కు, తేలే గుణం ఉచితమన్న నమ్మకం. డ్రమ్ము పైకి లేచిందంటే అంతవరకు అది ఆక్రమించిన చోటులోకి పక్కనున్న నీరు దిగిందన్నమాట. డ్రమ్మును ఎత్తింది ఆ దిగిన నీరే. దిగిన నీటిని మళ్లీ శిఖరం ఎత్తుకు చేర్చకపోతే రెండో అల ఉండదు. ఆ చేర్చే పని పలకది, పలకను ఊపేది మోటారు, మోటారును నడిపేది మీరు బిల్లు కట్టే కరెంటు. ఆర్కిమెడిస్ సూత్రం బలాన్ని చెబుతుందే గాని శక్తిని దానం చేయదు.

మూడోది డ్రమ్ముల సంఖ్య. మొదటి వరుస డ్రమ్ములు అల నుంచి ఎంత పనిని తీసుకుంటే, వాటి వెనుకకు చేరే అల అంతగా చిన్నబోతుంది. 20 డ్రమ్ములూ ఒకే 1.6 కిలోవాట్లను పంచుకోవాలి. పైగా డ్రమ్ము లాగా ముందూ వెనుకా ఒకే ఆకారం ఉండి, పైకీ కిందికీ మాత్రమే ఊగే వస్తువు ఒక వరుసలో నిలిచి అల శక్తిలో గరిష్ఠంగా సగాన్నే పట్టుకోగలదని సిద్ధాంతం చెబుతుంది. ఎందుకంటే ఊగే డ్రమ్ము తానే ఒక అలలు పుట్టించే యంత్రమై, రెండు వైపులకూ అలలను పంపుతుంది. వెనుక గోడను సరైన దూరంలో కట్టో, డ్రమ్ముల ఆకారం మార్చో ఈ సగాన్ని కొంత పెంచవచ్చు, కానీ 1.6 అనే హద్దు దాటడం జరగదు. సగమే అనుకుంటే 0.8 కిలోవాట్లు. మీటలు, గొలుసులు, ఫ్రీవీలు పోను 0.64. డైనమో నుంచి బయటకు 0.5. అంటే 10 గంటలు నడిపితే మీటరులో 26 యూనిట్లు తిరిగి, మీ చేతికి 5 యూనిట్లు వస్తాయి. లేతు పని తెలిసిన మీరు బేరింగులను, గేర్లను ఇంకా నునుపుగా చేయగలరని నాకు సందేహం లేదు. కాని ఎంత నునుపు చేసినా 5 అనేది 10 కావచ్చు, 15 కావచ్చు, 26 మాత్రం కాదు.

ప్రశ్న: గుంటూరులో ఇంజనీరింగ్ రెండో సంవత్సరం చదువుతున్నాను. కొలను సహజ పౌనఃపున్యానికి సరిపోయేలా చిన్న తోపులు ఇస్తే అనునాదం వల్ల అల పెద్దదవుతుంది. చిన్న తోపుతో పెద్ద అల వస్తున్నప్పుడు, శక్తి పెరిగినట్టే కదా?

జవాబు: మంచి ప్రశ్న. పై పాఠకుడి ఆలోచన కంటే ఇది లోతైనది, పొరపాటు కూడా అంతే సున్నితమైనది. కొలను మొత్తం నీరు ఒక చివర లేచి మరో చివర దిగుతూ ఊగే కాలాన్ని, పొడవుకు రెట్టింపును గురుత్వ త్వరణం, లోతుల లబ్ధపు వర్గమూలంతో భాగించి కనుక్కుంటారు. 20 మీటర్ల పొడవు, 2 మీటర్ల లోతున్న కొలనుకు అది సుమారు 9 సెకన్లు. మీరు సరిగ్గా 9 సెకన్లకు ఒకసారి తోస్తే ప్రతి తోపూ ముందటి తోపుకు తోడవుతుంది, తప్పుడు సమయంలో తోస్తే దానిని తినేస్తుంది.

ఉయ్యాలలో పిల్లవాణ్ణి ఊపే తల్లి ఒక్క తోపుతో ఉయ్యాలను దూలం దాకా పంపదు, 30 సార్లు మెల్లగా తోస్తుంది. చివరి ఊపులో ఉన్నది ఆ 30 తోపుల కూడిక, అందులోంచి మధ్యలో గాలి, కొక్కేల రాపిడి తిన్నది తీసివేయగా మిగిలినది. కొలనులోనూ అంతే. అనునాదం శక్తిని పోగుచేస్తుంది, సృష్టించదు. అల పెరుగుతూ పోయి ఒకచోట ఆగిపోవడాన్ని మీరు చూసే ఉంటారు. అక్కడ ఒక్కో ఊపులో మీరు ఇచ్చే శక్తి, అదే ఊపులో రాపిడికి, సుడులకు, నురగకు పోయే శక్తి సమానమవుతాయి. ఇప్పుడు అక్కడ జనరేటరు తగిలించండి. అది కొత్తగా వచ్చిన ఒక రాపిడి వంటిది. అల ఎత్తు కొన్ని ఊపుల్లోనే పడిపోయి, మీరు ఇచ్చే శక్తిలో ఒక భాగం జనరేటరుకు, మిగిలింది పాత రాపిడికి పోయే కొత్త మట్టంలో స్థిరపడుతుంది. పోగుపడిన అలను చూసి ఇంత శక్తి ఉందనుకోవడం, సంవత్సరాల పొదుపును ఒక నెల జీతం అనుకోవడమే. జనరేటరు లేకుండా అల ఎత్తు కొలిచి, దాని నుంచి జనరేటరు ఇచ్చే సామర్థ్యాన్ని అంచనా వేసేవారు పడే గుంట ఇదే.

రాపిడికి పోయిన శక్తి ఏమవుతుందన్నది కూడా మీకు తెలిసి ఉండాలి. ఇంగ్లండులో జేమ్స్ జౌల్ 1840ల దశకంలో, కిందికి దిగే బరువులతో నీటిలో తెడ్లను తిప్పి, చిలికిన నీరు వేడెక్కడాన్ని కొలిచాడు. ఒక గ్రాము నీటిని ఒక డిగ్రీ వేడి చేయడానికి సుమారు 4.18 జౌళ్ల యాంత్రిక పని కావాలన్న నిర్ణయానికి దారి తీసినవి ఆ ప్రయోగాలే. ఆటోనగర్ పాఠకుడి కొలను దాదాపు అదే ప్రయోగాన్ని 400 టన్నుల నీటితో చేయబోతున్నది. డ్రమ్ములు తీసేసి 10 గంటలు అలలు పుట్టించినా ఆ నీటి వేడి డిగ్రీలో 30వ వంతు పెరుగుతుంది. బెజవాడ ఎండలో అది ఏ థర్మామీటరుకూ అందదు. శక్తి ఎక్కడికో మాయమైనట్టు అనిపించడానికి కారణం ఇదే.

ప్రశ్న: కరెంటు ఖర్చు పెట్టి నీటిని కదిలించి మళ్లీ కరెంటు తీయడం నష్టమే అయితే, నాగార్జునసాగర్‌లో రాత్రి నీటిని పైకి పంపు చేసి పగలు కిందికి వదలడం ఎందుకు? — విశ్రాంత ఉద్యోగి, బ్రాడీపేట, గుంటూరు.

జవాబు: అది కూడా నష్టమే, తెలిసి పెట్టుకున్న నష్టం. సాగర్ ప్రధాన విద్యుత్కేంద్రంలో సుమారు 100 మెగావాట్ల చొప్పున ఏడు యంత్రాలు రెండు వైపులా తిరిగే రకానివి, ఒక వైపు తిరిగితే కరెంటు తీస్తాయి, మరో వైపు తిరిగితే నీటిని ఎత్తుతాయి. శ్రీశైలం ఎడమగట్టున 150 మెగావాట్లవి ఆరు ఉన్నాయి. ఇటువంటి కేంద్రాల్లో నీటిని ఎత్తడానికి 100 యూనిట్లు పెడితే తిరిగి వచ్చేది సాధారణంగా 75 నుంచి 80 యూనిట్లు. గ్రిడ్‌లో కరెంటు మిగిలిపోతున్న గంటల్లో ఎత్తి, అందరూ ఏసీలు వేసుకునే గంటల్లో దించుతారు కాబట్టి, పోయిన 20 యూనిట్ల విలువ కంటే సమయానికి అందిన 80 యూనిట్ల విలువ ఎక్కువ. జలాశయంలోకి ఎక్కిన నీరు నెలల తరబడి కదలకుండా ఉంటుంది. కొలనులోని అల పలక ఆగిన కొద్ది నిమిషాల్లోనే చల్లారిపోతుంది కాబట్టి దానిని నిల్వ అనడానికి కూడా వీలు లేదు. మేడ మీది ట్యాంకు సంగతి అడుగుతారేమో, 10 మీటర్ల ఎత్తులో ఉన్న 1,000 లీటర్ల నీటిలో నిల్వ ఉన్నది 0.027 యూనిట్. సాగర్ ఉపయోగపడేది దాని పరిమాణం వల్ల.

ప్రశ్న: అలల కొలను ప్లాంటులో వాటా తీసుకోమని ఒకరు మా ఇంటికి వచ్చి వీడియో చూపించారు. చిన్న మోటారు తిరుగుతోంది, అలలు లేస్తున్నాయి, వరుసగా బల్బులు వెలుగుతున్నాయి, మీటరులో 230 వోల్టులు కనిపిస్తోంది. పేటెంటుకు దరఖాస్తు చేశామన్నారు. నమ్మవచ్చా? — గృహిణి, సత్యనారాయణపురం, విజయవాడ.

జవాబు: అమ్మా, వాటా తీసుకోకండి. వోల్టులు సామర్థ్యాన్ని చెప్పవు. 230 వోల్టుల దగ్గర వంద వాట్లూ ఇవ్వవచ్చు, లక్ష వాట్లూ ఇవ్వవచ్చు. కావలసినది రెండు ఎనర్జీ మీటర్లు. మోటారులోకి పోయే తీగ మీద ఒకటి, జనరేటరు నుంచి వచ్చే తీగ మీద ఒకటి పెట్టి, బ్యాటరీలను, ఇన్వర్టర్లను పూర్తిగా విడదీసి, 24 గంటలు నడిపి రెండింటి యూనిట్లు చూపించమనండి. అది నిజంగా మిగులు కరెంటు ఇచ్చేదే అయితే జనరేటరు తీగను మోటారుకే కలిపి, బయటి సరఫరా తీసేసి నడపమని అడగడం ఇంకా సులువు. వారు ఏదో ఒక కారణం చెప్పి దాటవేస్తారు.

పేటెంటు దరఖాస్తు ఎవరైనా పెట్టవచ్చు, దరఖాస్తు నంబరు అంగీకార పత్రం కాదు. స్థిరపడిన ప్రకృతి నియమాలకు స్పష్టంగా విరుద్ధమైన దానిని మన 1970 పేటెంట్ల చట్టం మూడో సెక్షన్ మొదటి క్లాజులోనే ఆవిష్కరణగా అంగీకరించదు. పారిస్ శాస్త్ర అకాడమీ అయితే తమంత తాము నడిచే యంత్రాల ప్రతిపాదనలను ఇకపై పరిశీలించబోమని 1775లోనే తీర్మానించి, ఆ తలనొప్పి వదిలించుకుంది.

మీ దగ్గర డబ్బూ, 200 చదరపు మీటర్ల జాగా కూడా ఉంటే ఒక మాట. ఆ కొలను పరిచే చోట సోలార్ పలకలు పరిస్తే 20 కిలోవాట్ల దాకా అమరుతాయి, మన ప్రాంతపు ఎండకు కిలోవాటుకు రోజుకు సుమారు 4 యూనిట్ల చొప్పున 80 యూనిట్లు వస్తాయి. నీటి మీదే కావాలనుకున్నా విశాఖ ముడసర్లోవ జలాశయం మీద 2 మెగావాట్లు, సింహాద్రి థర్మల్ కేంద్రం జలాశయం మీద 25 మెగావాట్ల తేలియాడే సోలార్ ప్లాంట్లు పనిచేస్తున్నాయి.

ప్రశ్న: సముద్రపు అలల నుంచి కరెంటు తీస్తున్నారని చదివాం. అది సాధ్యమైతే కొలనులో ఎందుకు అసాధ్యం? సూర్యలంకలో పెట్టవచ్చా? మా నలుగురికీ చివరి సంవత్సరం ప్రాజెక్టుగా అలల తొట్టె చేయాలని ఉంది, మానుకోవాలా? — ఇంజనీరింగ్ విద్యార్థినులు, గుంటూరు.

జవాబు: మానుకోవద్దు. తొట్టెను విద్యుత్కేంద్రంగా కాక, కొలిచే సాధనంగా చూడండి.

సముద్రంలో పలకను ఊపేది గాలి, గాలిని నడిపేది సూర్యుడు, ఆ బిల్లు మనకు రాదు. తేడా అంతా అక్కడే ఉంది. వందల కిలోమీటర్ల నీటి మీద గాలి పోగుచేసిన శక్తిని అల తీరానికి మోసుకొస్తుంది. అల కొలనులోనైనా సముద్రంలోనైనా వాహకమే, దానికి శక్తిని ఎవరు ఇచ్చారన్నదే ప్రశ్న. 1 మీటరు ఎత్తు, 7 సెకన్ల కాలం ఉన్న మామూలు సముద్రపు అలల్లో, లోతు నీటి దగ్గర, మీటరు వెడల్పుకు సుమారు 3.4 కిలోవాట్లు ఉంటాయి. స్కాట్లండు పడమటి సముద్రంలో సగటున ఇది దానికి పది రెట్లు మించి ఉంటుంది. సూర్యలంక వంటి వాలు తక్కువైన ఇసుక తీరానికి చేరేసరికి అల తన శక్తిలో కొంత అడుగు రాపిడికి, ఎక్కువ భాగం విరిగే నురగకు ఇచ్చేస్తుంది. అందువల్ల అక్కడ ఒడ్డున పెట్టే యంత్రం నుంచి పెద్దగా ఆశించలేము, తుపాను వస్తే దానిని కాపాడుకోవడమే పెద్ద పని అవుతుంది.

అయినా ఈ విద్యలో మన దేశం వెనుకబడి మొదలుపెట్టలేదు. కేరళలోని విళింజం దగ్గర ఐఐటీ మద్రాసు వారి నాయకత్వంలో 150 కిలోవాట్ల అలల కేంద్రం 1991లో పనిచేయడం మొదలుపెట్టింది. అక్కడ డ్రమ్ములు లేవు. సముద్రంలో నిలిపిన కాంక్రీటు గదిలోకి అల వచ్చినప్పుడు లోపలి గాలి పైకి నెట్టబడి, అల పోయినప్పుడు వెనక్కి పీల్చబడుతుంది. గాలి ఎటు పోయినా ఒకే వైపు తిరిగే వెల్స్ టర్బైను దానితో జనరేటరును నడిపేది. రుతుపవనాల్లో బాగా, మిగతా నెలల్లో నీరసంగా నడిచిన ఆ కేంద్రం నేర్పిన పాఠాలు తక్కువేమీ కావు. స్పెయిన్‌లోని ముత్రికులో ఇదే పద్ధతిలో 16 టర్బైన్లతో 296 కిలోవాట్ల కేంద్రాన్ని 2011లో ఓడరేవు గోడలోనే కట్టారు. ఐఐటీ మద్రాసు వారే 2022 నవంబరులో తూత్తుకుడికి 6 కిలోమీటర్ల దూరంలో, 20 మీటర్ల లోతున సింధుజ-1 అనే యంత్రాన్ని దించారు. అది ఇచ్చింది 100 వాట్లు. వాళ్లు ఆ సంఖ్యను దాచుకోలేదు, తొలి నమూనాకు అదే న్యాయమైన సంఖ్య.

ఈ యంత్రాలన్నీ సముద్రానికి పోయే ముందు అలల తొట్టెల్లో పుట్టి పెరుగుతాయి. ఇంగ్లండులో విలియం ఫ్రౌడ్ 1872లో టార్కీ పట్టణంలో ఓడల నమూనాల కోసం కట్టిన తొట్టె నుంచి, ఎడింబరోలో 25 మీటర్ల వ్యాసంతో గుండ్రంగా 168 పలకలు అమర్చిన తొట్టె దాకా ఇది ఒకే పరంపర. ఎడింబరోకే చెందిన స్టీఫెన్ సాల్టర్ 1974లో ప్రకటించిన ‘డక్’ అనే యంత్రం, ముందు ఒక ఆకారం వెనుక ఒక ఆకారం ఉండడం వల్ల వెనుకకు దాదాపు అలలే పంపకుండా, తొట్టెలో అల శక్తిలో 80 శాతానికి పైగా పట్టుకుంది. మొదటి జవాబులో చెప్పిన సగం హద్దును దాటే దారి అదే. మీ ప్రాజెక్టుకు ఇంతకంటే మంచి మొదలు నాకు తోచడం లేదు. ఒకే బరువున్న గుండ్రటి దుంగను, సాల్టర్ తరహా కొనదేరిన దుంగను ఒకే అలకు ఎదురుగా పెట్టి, రెండింటి వెనుకా మిగిలిన అల ఎత్తులను పోల్చండి.

కొలతల మార్పిడి నియమం మాత్రం మరచిపోవద్దు. నమూనా కొలతలు 20వ వంతుకు తగ్గిస్తే అల ఎత్తు 20వ వంతు అవుతుంది, కాలం 20 వర్గమూలం మేరకు, అంటే సుమారు 4.5 రెట్లు తగ్గుతుంది, సామర్థ్యం మాత్రం సుమారు 35,800 రెట్లు తగ్గుతుంది. మీ తొట్టెలో 1 వాటు వచ్చిందంటే అదే యంత్రం నిజ పరిమాణంలో, అదే నిష్పత్తిలో ఉన్న సముద్రపు అలల మీద 35.8 కిలోవాట్లు ఇస్తుందని అర్థం. అందువల్ల తొట్టెలో బల్బు వెలగలేదని నిరాశపడనక్కరలేదు. ఆ పరిమాణంలో చిన్న డైనమో లోపలి రాపిడే వచ్చిన పనినంతా తినేస్తుంది కాబట్టి, డైనమో బదులు దారానికి కట్టిన బరువును ఎత్తించి, సెకనుకు ఎన్ని మిల్లీమీటర్లు లేచిందో చూసి సామర్థ్యం లెక్కగట్టడం నయం. ఎదురు గోడ నుంచి అల తిరిగి వచ్చి కొలతలను చెడగొట్టకుండా ఆ చివర గులకరాళ్లతోనో, కొబ్బరి పీచు చాపలతోనో ఏటవాలు ఒడ్డు పేర్చండి. అల ఎత్తును నమూనాకు ముందు రెండు చోట్ల, వెనుక ఒక చోట కొలవండి. ముందు రెండు చోట్లు ఎందుకంటే, ఒక్క చోట కొలిస్తే వచ్చే అలను, తిరిగి వచ్చే అలను విడదీయలేరు.